వారానికోసారి సరుకులు తెచ్చుకుంటే నిజంగా మిగులుతుందా? మీ ఇంట్లో ఎలా చేస్తున్నారు?

నిజాంపేట అమ్మ | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, నిజాంపేట. ఇంట్లో ఐదుగురం. మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, మా అత్తయ్య. ఈ ఏడాది బాబు స్కూలు ఫీజు కొత్తగా తోడైంది. జీతం మాత్రం అక్కడే ఉంది. అందుకని నిన్న కూర్చుని పోయిన నెల యూపీఐ చెల్లింపులన్నీ కాగితం మీద రాశాను.

తిండి సరుకులకి మొత్తం 19,400 అయింది. సూపర్ మార్కెట్లో నెల సరుకులు, బియ్యం బస్తాతో కలిపి 8,200. కూరగాయలు, పండ్లు 4,100. పాలు రోజుకు 100 చొప్పున 3,000. మిగిలిన 4,100 ఏమిటా అని చూస్తే, సందు చివర షాపులో, పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లో కొన్న చిల్లర సామాను. నెలలో 31 సార్లు కొన్నాను. ఒక్కోసారి సగటున 130 రూపాయలు. పెరుగు ప్యాకెట్, బ్రెడ్డు, కొత్తిమీర కట్ట, పిల్లలకి బిస్కెట్లు, అర్జెంటుగా ఇంగువ. ఏ ఒక్కటీ దుబారా అనిపించలేదు. అన్నీ కలిపితే నెల కూరగాయల ఖర్చంత ఉంది.

ఇంకో సంగతి. ఆవాలు అయిపోయాయని మొన్న తెప్పించాను. డబ్బాలు సర్దుతుంటే వెనకాల విప్పని ఆవాల ప్యాకెట్లు రెండు కనిపించాయి. ఫ్రిజ్ అడుగు ట్రేలో ఒక కవరు ముడి విప్పితే కొత్తిమీర నల్లగా నీరైపోయి ఉంది, దాని కింద నాలుగు టమాటాలు చెయ్యి పెట్టగానే చితికిపోయాయి. చాలా బాధనిపించింది.

నెలకోసారి కాకుండా వారానికోసారి పద్ధతిగా కొనాలనుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి? ఏవి వారానికి, ఏవి నెలకి? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

---

బెజవాడ వంటిల్లు | ఆదివారం, రాత్రి 10:25

చెల్లీ, ఇరవై రెండేళ్లుగా ఇల్లు నడుపుతున్నాను, అందులో పదిహేనేళ్లు వారం పద్ధతే. మొదటి వారం బజారుకి వెళ్లకు. నిజంగానే చెబుతున్నా. ముందు ఇంట్లో ఉన్నవి వండు. మీ డబ్బాల్లో, ఫ్రిజ్‌లో కనీసం నాలుగైదు రోజుల తిండి ఉండి ఉంటుంది. పాలు, ఆకుకూరలు మాత్రం కొనుక్కో. డబ్బాలు ఖాళీ అయితే ఏం ఉందో, ఏం లేదో అప్పుడు కంటికి కనిపిస్తుంది.

మా ఇంట్లో శనివారం సాయంత్రం ఇరవై నిమిషాలు దీనికే పెడతాను. మా వంటింట్లో పాల లెక్క రాసే గోడ కేలండర్ ఉంది. చిరిగిన పాత నెల కాగితం వెనక్కి తిప్పి అడ్డంగా గీత గీస్తాను. ఎడమవైపు ఇంట్లో ఉన్నవి, కుడివైపు వచ్చే వారం ఏ రోజు ఏం వండాలో. ఈ రెండూ రాశాకే కొనాల్సిన చీటీ. చాలామంది చీటీ ముందు రాస్తారు, "కూరగాయలు, పప్పులు, నూనె" అని. ఆ చీటీతో వెళ్తే అరకిలో చాలిన చోట కిలో వస్తుంది. "సోమవారం తోటకూర పప్పు, మంగళవారం బెండకాయ వేపుడు, చారు" అని రాసుకుంటే తోటకూర రెండు కట్టలు, బెండకాయలు ముప్పావు కిలో అని చేతికి లెక్క వస్తుంది.

వండే వరుస కూడా కూరగాయని బట్టే ఉండాలి. ఆదివారం తెస్తే మొదటి రెండు రోజులు ఆకుకూరలు. తర్వాత బెండ, వంకాయ, బీర. గురువారం దాకా దొండకాయలు, క్యాబేజీ ఆగుతాయి. శుక్ర, శనివారాలకి దోసకాయ, కంద, చేమ, బంగాళాదుంప, కొయ్యని ఆనపకాయ. మా అమ్మ "ముందు వాడేది ముందు వండు, ఆగేది ఆగనీ" అనేది. టమాటాలు కూడా సగం పండినవి, సగం దోరవి ఏరుకో. దోరవి బయటే బుట్టలో తొడిమ కిందికి పెట్టు.

కొత్తిమీర తేగానే కవర్లోంచి తీసెయ్యి. తడి ఉంటే గంటసేపు పేపరు మీద ఆరబెట్టి, వేళ్లు కోసి, పొడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టు. పచ్చిమిరపకాయల ముచ్చికలు తీసి, డబ్బా అడుగున కాగితం వేసి పెడితే పది రోజులు పైగా ఉంటాయి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఒకే బుట్టలో వద్దు, దుంపలు త్వరగా మొలకలేస్తాయి.

---

సాగరతీరం | సోమవారం, ఉదయం 6:15

బెజవాడ వంటిల్లు గారు చెప్పినవి బాగున్నాయి. నేను మాత్రం వేరే పద్ధతి చెబుతాను. విశాఖలో ఉంటాను, రిటైరై ఆరేళ్లయింది. రోజూ పొద్దున వాకింగ్ ముగించుకుని ఎంవీపీ కాలనీ రైతుబజారుకి వెళ్తాను. 1999 జనవరి 26న ఈ రైతుబజార్లు మొదలైనప్పటి నుంచి కూర అక్కడిదే. గేటు దగ్గర ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది, బేరం గొడవ లేదు. ఆ పూటకి కావలసిందే తెస్తాను. ఇద్దరమే కాబట్టి అరకిలో వంకాయలు, ఒక కట్ట పాలకూర. మా ఇంట్లో కుళ్లిపోయి పారేసింది ఏదీ ఉండదు.

వారానికోసారే అని పట్టుబట్టక్కర్లేదు. తీరిక ఉండి, బజారు నడక దూరంలో ఉంటే రోజూ కొనడంలోనూ నష్టం లేదు.

---

నిజాంపేట అమ్మ | సోమవారం, ఉదయం 11:50

బాబాయ్ గారూ, మీ పద్ధతి వింటే ముచ్చటగా ఉంది. నేను పొద్దున ఏడున్నరకి రెండు టిఫిన్ బాక్సులు, ఒక లంచ్ బాక్సు కట్టి పిల్లల్ని బస్సెక్కించాలి. ఆ తర్వాత ఇంటి నుంచే ఆఫీసు పని. రోజూ బజారంటే నాకు కుదరదు. కుదరకే కదా ఆ యాప్ తెరుస్తున్నాను.

---

కిరాణా కొట్టు, నల్గొండ | సోమవారం, మధ్యాహ్నం 2:30

నమస్తే అందరికీ. నాన్న కాలం నుంచి మాది కిరాణా కొట్టే. కౌంటర్ ఇవతల నుంచి చూసేవాడిని కాబట్టి నాలుగు మాటలు చెబుతాను.

అక్కా, ముందు ప్యాకెట్ వెనక చూడండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె తూకం దాదాపు 910 గ్రాములు. ఇప్పుడు అదే సైజులో, అదే రంగులో 870, 850 గ్రాముల ప్యాకెట్లు కూడా వస్తున్నాయి. పక్కపక్కన పెడితే తేడా కనపడదు. 870 గ్రాములది 150 రూపాయలు, 910ది 154 అనుకోండి. చేతికి 150ది చవకగా కనిపిస్తుంది. కిలోకి లెక్కేస్తే మొదటిది 172, రెండోది 169. ఇప్పుడు ప్యాకెట్ మీద ఎమ్మార్పీ పక్కనే గ్రాముకి ఎంత, మిల్లీలీటరుకి ఎంత అని చిన్న అక్షరాల్లో వేస్తున్నారు. చూడాల్సింది ఆ అంకె.

బియ్యం సంగతి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న లేబుల్ ప్యాకెట్ బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. అందుకే మిల్లుల వాళ్లు 26 కిలోల బస్తాలు తెచ్చారు. ఐదేసి కిలోల ప్యాకెట్లు విడివిడిగా కొనేవాళ్లకి కిలో మీద ఏడెనిమిది రూపాయలు తేడా పడుతుంది. బియ్యం మాత్రం వారానికోసారి కొనకండి. బస్తాయే కొనండి, ఏడాది పాతవి అడగండి. పాత బియ్యం నీళ్లు తాగి అన్నం ఎక్కువ అవుతుంది.

మీ వాడకం తెలుసుకోవడం తేలిక. రైస్ కుక్కర్‌తో ఇచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, అందులో బియ్యం 150 గ్రాములు పడతాయి. రోజుకి నాలుగు కప్పులు పోస్తే 600 గ్రాములు. అంటే 26 కిలోల బస్తా మీకు 43 రోజులు వస్తుంది. నెలకో బస్తా కొంటున్నారంటే రెండు నెలల్లో సగం బస్తా పైగా ఇంట్లో పేరుకుంటుంది, పురుగు పడుతుంది.

ఇక పోపు సామాను. జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు మా లాంటి కొట్లో వంద గ్రాములు, యాభై గ్రాములు లూజుగా తూచి ఇస్తాం. మీకు నెలకి యాభై గ్రాముల మెంతులు చాలు. సూపర్ మార్కెట్లో అయితే ప్యాకెట్ ఎంతుంటే అంత కొనాల్సిందే.

ఇంకొకటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బులు, టూత్‌పేస్టు, షాంపూ, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. నెయ్యి, వెన్న మీద 12 నుంచి 5 అయింది. నిరుడు రాసుకున్న పాత చీటీలో ధరలు ఉంటే వాటిని నమ్ముకోకండి, కొత్తగా రాసుకోండి.

---

రూం నంబర్ 12 | సోమవారం, రాత్రి 11:05

అన్నా, ఈ నూనె ప్యాకెట్ మాట నాకు ఇన్నాళ్లూ తెలియదు. అమీర్‌పేటలో నలుగురం రూమ్‌లో ఉంటాం. ఇప్పుడే వెళ్లి చూశాను, మాది 850 గ్రాములదే.

మాకు ఎక్కువ పోయేది యాప్‌లో. 199 దాటితే డెలివరీ ఉచితం అంటుంది. మాకు కావలసింది 120కి గుడ్లు, బ్రెడ్డు. 35 రూపాయల డెలివరీ తప్పించుకోడానికి ఇంకో 80 పెట్టి చిప్స్, కూల్‌డ్రింక్ కలుపుతాం. పోయిన నెల నుంచి ఒక పని చేశాం. వాట్సాప్‌లో మా నలుగురి గ్రూపులో చీటీ పెట్టాం. ఎవరికి ఏం గుర్తొస్తే అది అందులో రాస్తారు, ఆర్డర్ మాత్రం ఎవరూ పెట్టరు. ఆదివారం ఒకడు వెళ్లి 30 గుడ్ల ట్రే, కూరగాయలు, పప్పు తెస్తాడు. మనిషికి వారానికి 450 వేసుకుంటున్నాం. గురువారం ఎవరికైనా చిప్స్ తినాలనిపిస్తే ఆదివారం దాకా చీటీలో ఉంటుంది. అప్పటికి సగం వాటి మీద మనసు పోతుంది, మేమే కొట్టేస్తాం.

---

కర్నూలు కోడలు | మంగళవారం, ఉదయం 10:10

మా వైపు వారం సరుకు, నెల సరుకు కాక ఏడాది సరుకు అని ఒకటి ఉంది. దాని గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా.

చింతపండు మార్చి, ఏప్రిల్‌లో కొత్తది వస్తుంది. ఎండుమిర్చి కూడా వేసవికల్లా కొత్త పంట దిగుతుంది. అప్పుడు ఏడాదికి సరిపడా కొని ఎండబెట్టుకుంటాం. చింతపండు గింజ, ఈనెలు తీసి, రాళ్ల ఉప్పు కలిపి జాడీకెత్తుతాం. మిరపకాయలు తొడిమలు తీసి మూడు రోజులు ఎండలో గలగలలాడేదాకా ఉంచి మరలో కారం పట్టిస్తాం. సగం కారంగా, సగం కాయలుగా దాచుకుంటాం. కందిపప్పు కొత్త పంట జనవరి, ఫిబ్రవరిలో వస్తుంది. మా అత్తగారు పప్పుకి కొంచెం ఆముదం పట్టించి ఎండలో పెట్టి, ఎండిన వేపాకు వేసి డబ్బాకెత్తుతారు. వండేముందు రెండుసార్లు కడిగితే చాలు. పురుగు మాట మేం ఎరగం.

ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, కూడా అంతే. మా కర్నూలు మార్కెట్లో కుప్పలు పోసినప్పుడు పాతిక కిలోల సంచి తెచ్చి, గాలి తగిలే చోట పరుస్తాం. తడివి, మెడ లావుగా ఉన్నవి ముందు వాడేస్తాం.

ఒక్కటే ఇబ్బంది, వేసవిలో ఒకేసారి డబ్బు కావాలి. అందుకని మేం ఐదుగురు ఆడవాళ్లం నెలకి 500 చొప్పున చిన్న చీటీ కట్టుకుని మార్చిలో తీసుకుంటాం. మీరు అపార్ట్‌మెంట్‌లో ఎండ తగలని ఫ్లాట్‌లో ఉంటే ఏడాదికి వద్దు, మూడు నెలలకి సరిపడా తెచ్చుకోండి. రవ్వ, శనగపిండి మాత్రం ఎప్పుడూ ఎక్కువ కొనకండి. రవ్వ తెచ్చిన రోజే దోరగా వేయించి చల్లారాక డబ్బాలో పోయండి.

---

కుట్టుమిషన్ | మంగళవారం, రాత్రి 8:20

మాది సిద్దిపేట దగ్గర. బట్టలు కుడతాను, ఆయన మేస్త్రీ పని. ఆయనకి కూలి డబ్బులు వారానికోసారి వస్తాయి కాబట్టి మాకు మొదటి నుంచీ వారం లెక్కే. అంగడి రోజు పొద్దుగూకే వేళకి వెళ్తాను. సామాను మోసుకెళ్లడం ఇష్టం లేక రైతులు ఆ టైముకి తగ్గించి ఇస్తారు. పొద్దున పావుకిలో 20 అన్న చిక్కుడుకాయ అప్పుడు 12కి వస్తుంది. ఏరుకోవడానికి మంచివి మిగలకపోవచ్చు, ఆకుకూరలు వాడి ఉంటాయి. వాటికి పొద్దున్నే వెళ్లాలి.

బియ్యం మేం కొనం. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ షాపులో సన్నబియ్యం ఇస్తున్నారు, మనిషికి 6 కిలోలు. మేం నలుగురం, 24 కిలోలు వస్తాయి. అన్నం బాగుంటోంది. ముందు దొడ్డుబియ్యం ఉన్నప్పుడు అవి పక్కనపెట్టి నెలకి బస్తాలో సగమైనా కొనేవాళ్లం. ఇప్పుడు ఆ డబ్బుతో పిల్లలకి గుడ్లు తెస్తున్నా. కార్డు ఉండి కూడా తెచ్చుకోనివాళ్లు మీలో ఉంటే ఒకసారి తెచ్చి వండి చూడండి.

మాకు ఫ్రిజ్ లేదు. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, సొరకాయ, దోసకాయ వారం ఉంటాయి. మిగతావి తడి గోనెపట్టా కింద పెడితే మూడు రోజులు. అందుకని మూడు రోజుల కూరలే కొని, తర్వాత రోజులకి పెసరపప్పు, పల్లీల పచ్చడి, గుడ్డు, చింతపండు చారు రాసిపెట్టుకుంటా. ఫ్రిజ్ లేకపోయినా పారేసేది ఉండదు.

---

బెజవాడ వంటిల్లు | మంగళవారం, రాత్రి 9:00

కుట్టుమిషన్ అమ్మా, చివరి రోజులకి కూర లేకుండా రాసిపెట్టుకోవడం చాలా మంచి ఆలోచన. నేనూ వారంలో ఒక రోజు అలాగే ఉంచుతాను. ముద్దపప్పు, ఆవకాయ, అప్పడం. ఆ రోజు అందరూ ఇంకో ముద్ద ఎక్కువే తింటారు.

---

నిజాంపేట అమ్మ | బుధవారం, మధ్యాహ్నం 1:15

అందరికీ చాలా థాంక్స్. అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. రెండు చోట్ల ఆగిపోయాను.

ఒకటి, మా అత్తయ్య. ఆవిడకి రోజూ తాజా కూర అలవాటు. "ఫ్రిజ్‌లో పెట్టిన కూరగాయ కూర కాదమ్మా" అంటారు. ఆవిడ మనసు కష్టపెట్టడం నాకు ఇష్టం లేదు.

రెండు, టమాటా. మేం ప్రతి కూరలో వేస్తాం. ఇప్పుడు ఆషాఢం, వానలు, రేటు ఎక్కుతోంది. 2023 జూలైలో కిలో 150 దాటినప్పుడు పడ్డ ఇబ్బంది ఇంకా గుర్తుంది.

---

సాగరతీరం | బుధవారం, మధ్యాహ్నం 3:40

అమ్మా, మీ అత్తగారికే ఒక బాధ్యత ఇవ్వండి. ఆకుకూరలు ఆవిడ చేతుల మీదుగా కొనిపించండి. వీధిలోకి బండి వస్తుంది కదా. వారానికి 150 రూపాయలు ఆవిడ దగ్గర పెట్టండి, ఏ ఆకుకూర, ఎంతకి అనేది పూర్తిగా ఆవిడ ఇష్టం. మా వయసువాళ్లకి ఇంట్లో మాకూ ఒక లెక్క ఉందనిపిస్తే ఆ తృప్తి వేరు. ఆవిడ బేరం మీకంటే బాగా చేస్తారు కూడా.

---

బెజవాడ వంటిల్లు | బుధవారం, సాయంత్రం 5:10

టమాటా గురించి. మదనపల్లెలో దిగుబడి తగ్గిన ప్రతిసారీ మన ఇళ్లలో గోల. పులుపు కావాలి గానీ అది టమాటాయే కానక్కర్లేదు. పప్పులోకి చుక్కకూర, గోంగూర, చింతచిగురు దొరికితే చింతచిగురు. మామిడికాయ సీజన్లో ముక్కలు ఎండబెట్టి ఒరుగులు చేసిపెట్టుకుంటే వానాకాలమంతా పప్పులోకి అవే. చారుకి చింతపండు ఎలాగూ ఉంది. బెండకాయ వేపుడుకి, దొండకాయకి టమాటా పనే లేదు. కూరల వరుస రాసేటప్పుడే వారంలో రెండు కూరలకి మించి టమాటా లేకుండా రాసుకో. కిలోన్నర కొనేచోట ముప్పావు కిలో సరిపోతుంది. చవకైనప్పుడు తురిమి, ఉప్పు వేసి దగ్గరపడేదాకా ఉడికించి డీప్ ఫ్రిజ్‌లో పెట్టుకో.

---

ఒహాయో తెలుగు | గురువారం, ఉదయం 7:30

అమెరికా నుంచి ఒక మాట. మేముండే ఊరికి ఇండియన్ స్టోర్ డెబ్బై మైళ్లు, కొలంబస్ వెళ్లాలి. నెలకోసారి వెళ్తాం. మధ్యలో ఏదైనా అయిపోతే లేనట్టే. అందుకని డీప్ ఫ్రిజ్ మీద ఆధారపడ్డాం. కరివేపాకు దూసి, కడిగి, బాగా ఆరబెట్టి జిప్ కవర్లో పెడతాం, పోపులో అలాగే వేసుకోవచ్చు. అల్లం వెల్లుల్లి ముద్ద ఐసు ట్రేలో గడ్డకట్టించి ముక్కలుగా తీసి దాచుకుంటాం. ఒక్కో ముక్క ఒక చెంచా లెక్క. కొబ్బరి తురుమూ అంతే. 20 పౌండ్ల సోనా మసూరి సంచి, అంటే తొమ్మిది కిలోలు, మా ముగ్గురికి నెలంతా వస్తుంది. ఇక్కడ బజారు దూరమవడం వల్లే మాకు ఈ పద్ధతి అలవాటైంది.

---

కర్నూలు కోడలు | గురువారం, ఉదయం 11:20

కిరాణా అన్నగారిని ఒకటి అడగాలి. ఖాతా పుస్తకం మంచిదా కాదా? మా పుట్టింట్లో కొట్లో ఖాతా ఉండేది. నెలాఖరుకి ఎంత రాశారో చూసి నాన్న ప్రతిసారీ కంగారుపడేవారు. నాకు ఆ పుస్తకమంటేనే భయం.

---

కిరాణా కొట్టు, నల్గొండ | గురువారం, మధ్యాహ్నం 3:00

అమ్మా, మీ భయంలో నిజం ఉంది, దాచను. చేతిలో డబ్బు తీసి ఇచ్చేటప్పుడు మనిషి ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఖాతాలో పిల్లాడిని పంపి తెప్పించుకుంటే ఆ ఆలోచన ఉండదు. ఖాతా ఉన్న ఇళ్లు మా కొట్లో ఎక్కువే కొంటాయి, నాకు తెలుసు. కానీ లాక్‌డౌన్ రోజుల్లో పని లేక ఇంట్లో కూర్చున్నవాళ్లకి ఆ పుస్తకమే అన్నం పెట్టింది. ఆ రోజుల్లో ఇచ్చిన బాకీలు కొన్ని మూడేళ్లకి వచ్చాయి, కొన్ని రాలేదు. నేను అడగలేదు.

నా సలహా ఒకటే. ఖాతా ఉంచుకోండి, వాడేది మాత్రం కష్టం వచ్చినప్పుడే. మామూలు వారాల్లో చీటీ, డబ్బు రెండూ కలిపి ఇవ్వండి. చీటీ ముందురోజు రాత్రి వాట్సాప్‌లో పంపితే నేను తీరిగ్గా కట్టి ఉంచుతాను. మీరు కొట్లో నిలబడి అదీ ఇదీ చూసి కొనడం తప్పుతుంది. నాకు అమ్మకం తగ్గుతుంది గానీ, నెలనెలా వచ్చే ఇల్లు నిలబడుతుంది.

---

నిజాంపేట అమ్మ | నాలుగు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:05

నాలుగు వారాల లెక్కతో వచ్చాను.

మొదటి వారం బెజవాడ అక్క అన్నట్టు బజారుకి వెళ్లకుండా ఉండబోయాను, కుదరలేదు. పిల్లల టిఫిన్ సామాను, గుడ్లు, చికెన్ తెచ్చాను. ఆ వారం 2,450. రెండో వారం నూనె, పప్పులు కలిసొచ్చాయి, చుట్టాలూ వచ్చారు, 2,900. మూడో వారం 2,180, నాలుగో వారం 2,370. మొత్తం 9,900. పాలు 28 రోజులకి 2,800. బియ్యం బస్తా 1,500. మధ్యలో అర్జెంటుగా కొన్నవి ఆరుసార్లే, 640 రూపాయలు. అన్నీ కలిపి 14,840.

ఆ ఆరుసార్లలో నాలుగు పెరుగు కోసమే. పాలు తీసుకుంటూనే పెరుగు ప్యాకెట్ కొంటున్నాను. ఇన్నేళ్లూ ఇది నాకు తట్టలేదు. రెండు వారాలుగా రాత్రి పడుకునే ముందు అరలీటరు పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే తోడు పెడుతున్నాను. వానకి త్వరగా తోడుకోకపోతే గిన్నెకి తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెడుతున్నారు అత్తయ్య. పొద్దునకి గడ్డగా ఉంటోంది.

ఆకుకూరలు పూర్తిగా అత్తయ్యవే. 150 ఇస్తే మూడో వారం 35 రూపాయలు వెనక్కి ఇచ్చారు, పైగా బండతను కరివేపాకు ఊరికే ఇచ్చాడట. ఫ్రిజ్ కూర తినరేమో అనుకున్నాను. దొండకాయలు గురువారం దాకా ఎలా ఉన్నాయో రోజూ ఆవిడే తీసి చూస్తున్నారు.

పప్పు డబ్బాలన్నిటి మూతల మీద తెల్ల టేపు అంటించి, పోసిన తారీఖు మా పాప రాస్తోంది. కందిపప్పు కిలో ఎనిమిది రోజులు వస్తుందని తనే కనిపెట్టింది.

కుదరనిది ఒకటి ఉంది. పండ్లు. ఆదివారం డజను అరటిపళ్లు తెస్తే మంగళవారానికి పిల్లలు ఖాళీ చేస్తున్నారు, రెండో డజను తెస్తే నల్లబడుతున్నాయి.

---

సాగరతీరం | సోమవారం, ఉదయం 6:20

అమ్మా, చాలా సంతోషం. లెక్క సరిగ్గా ఉండాలి కాబట్టి ఒక మాట. అంతకుముందు మీరు చెప్పింది నెలకి, ఇప్పుడు చెప్పింది 28 రోజులకి. 19,400ని 30తో భాగిస్తే రోజుకి 647. 14,840ని 28తో భాగిస్తే 530. తేడా రోజుకి 117, నెలకి 3,500 పైచిలుకు. పైగా మీ బస్తాలో ఇంకా తొమ్మిది కిలోల బియ్యం ఉండాలి, ఒకసారి చూడండి. ఆ తొమ్మిది కిలోలూ మిగులే.

పండ్లకి: ఆరు పండినవి, ఆరు పచ్చివి తీసుకోండి. పచ్చివి విడిగా, గాలి తగిలేలా వేలాడదీయండి. జామ, బత్తాయి కలిపితే వారం గడుస్తుంది.

---

కిరాణా కొట్టు, నల్గొండ | సోమవారం, మధ్యాహ్నం 1:45

అక్కా, వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. బుధవారం నుంచే అరటిపళ్లు, పూలు, కొబ్బరికాయలు ఎక్కుతాయి. తమలపాకు తప్ప, కొబ్బరికాయలు, శనగలు, బెల్లం లాంటి పూజ సామాను ఈ రెండు రోజుల్లోనే తెచ్చిపెట్టుకోండి. కొబ్బరికాయలు పీచు తియ్యనివి అడగండి. ఇంట్లో మాంసం తినేవాళ్లుంటే శ్రావణంలో చికెన్ రేటు సాధారణంగా దిగుతుంది, ఆదివారం బోర్డు చూసి కొనండి.

---

నిజాంపేట అమ్మ | సోమవారం, రాత్రి 9:30

బాబాయ్ గారూ, ఇప్పుడే తూచాను. తొమ్మిదిన్నర కిలోలు ఉన్నాయి.

అన్నా, కొబ్బరికాయలు, బెల్లం, శనగలు చీటీలో రాశాను, రేపు పొద్దున్నే తెస్తాను. తమలపాకులు, పూలు అత్తయ్య గురువారం బండి దగ్గర తీసుకుంటానన్నారు. ఈ వారం ఆవిడకి 150 కాదు, 400 ఇచ్చాను.